తగ్గింది సరే... దేనివల్ల?

2021 ఏప్రిల్ చివరి వారం. హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు ఆస్పత్రి. రాత్రి పదకొండు గంటలకు నర్సు వచ్చి మా అక్క చేతిలో ఓ చీటీ పెట్టింది. దాని మీద బావ పేరు, బ్లడ్ గ్రూపు, 'ప్లాస్మా' అన్న మాట. తెచ్చుకోవలసింది మేమే. కోవిడ్ వచ్చి తగ్గినవాళ్ల రక్తం నుంచి తీసిన ద్రవం అది. వాళ్ల ఒంట్లో తయారైన యాంటీబాడీలు మా బావ ఒంట్లోకి చేరి వైరస్‌తో పోరాడతాయని ఆశ.

ఆ రాత్రి నేను ఎన్ని ఫోన్లు చేశానో లెక్కలేదు. పాత సహోద్యోగులు, వాట్సాప్ గ్రూపులు, ముక్కూమొహం తెలియని వాలంటీర్లు... తెల్లవారుజామున కూకట్‌పల్లి నుంచి ఓ సాఫ్ట్‌వేర్ కుర్రాడు బైకు మీద వచ్చాడు. కర్ఫ్యూలో పోలీసులకు చీటీ చూపించి మరీ వచ్చాడు. ప్లాస్మా ఇచ్చి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. పదకొండు రోజుల తర్వాత బావ ఇంటికొచ్చాడు. ఇప్పటికీ సంక్రాంతికి ఆ కుర్రాడి ఇంటికి అరిసెల డబ్బా వెళుతుంది. "వాడే మా ఆయన్ని బతికించాడురా" అంటుంది అక్క.

ఆ మాటకు నేను తలూపుతాను. కానీ ఒక సంగతి ఆమెతో ఎప్పుడూ చెప్పలేదు. బావ పక్క మంచం మీద ఉన్నాయనకూ ప్లాస్మా ఎక్కించారు. ఆయన ఇంటికి రాలేదు. మా అక్క చెప్పే కథలో ఆయన లేడు. ఆయన కుటుంబం ఈ కథ ఎవరికీ చెప్పదు. మందు పనిచేసిందన్న ప్రచారమంతా బతికి బయటపడ్డవాళ్ల నోటి నుంచే వస్తుంది. పోయినవాళ్లు సాక్ష్యం చెప్పరు కదా.

లేకపోతే ఏమయ్యేది?

మందు విషయంలో మనం మామూలుగా అడిగే ప్రశ్న, "వాడాక తగ్గిందా?" అని. అసలు అడగాల్సింది, "వాడకపోతే ఏమయ్యేది?" అని. ఈ రెండు ప్రశ్నలూ ఒకటే అనిపిస్తాయి. కానీ వాటి మధ్య ఉన్న దూరం దాటడానికే వైద్య పరిశోధన గత వందేళ్లుగా కిందామీదా పడుతోంది.

జలుబు సంగతే చూడండి. మందు వేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అని మన పెద్దలు ఊరికే అనలేదు. కోవిడ్ సోకిన నూరు మందిలో అత్యధికులు ఏ మందూ లేకుండానే కోలుకున్నారు. అలాంటి జబ్బుకు మీరు మంచినీళ్లిచ్చినా నూటికి తొంభై మందికి పైగా 'నయం' చేసిన ఖ్యాతి దక్కుతుంది. 2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో మూలికల మందు కోసం వేల మంది బారులు తీరారు. ఆ వరసలో నిలబడ్డవాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అంతకు ముందు నెలలో నేను ప్లాస్మా కోసం పరుగులు తీసినవాడినే. వాళ్లను అక్కడికి, నన్ను బ్లడ్ బ్యాంకుకు నడిపించింది ఒకటే మాట: 'ఫలానావాళ్లకు తగ్గిందట'.

అయితే, ప్లాస్మా ఎక్కించినవాళ్లను, ఎక్కించనివాళ్లను పోల్చి చూస్తే సరిపోతుంది కదా? సరిపోదు. చిక్కంతా ఇక్కడే ఉంది. ప్లాస్మా ఎవరికి దొరికింది? ఫోన్లు చేసే బావమరిది ఉన్నవాళ్లకు. డబ్బున్నవాళ్లకు. పెద్ద ఊళ్లో ఉన్నవాళ్లకు. అన్నిటికన్నా ముఖ్యంగా, ప్లాస్మా దొరికేదాకా ప్రాణంతో ఉన్నవాళ్లకు. ఆస్పత్రిలో చేరిన మొదటి రాత్రే కన్నుమూసిన వ్యక్తి 'ప్లాస్మా ఎక్కించనివాళ్ల' లెక్కలోకి వెళతాడు. మూడు రోజులు తట్టుకుని నిలిచిన వ్యక్తి 'ఎక్కించినవాళ్ల' లెక్కలోకి వస్తాడు. ఇలా పోలిస్తే ప్లాస్మా బదులు కొబ్బరినీళ్లు ఎక్కించినా ప్రాణాలు కాపాడినట్టే కనిపిస్తుంది. ఇక్కడ ఎవరూ అబద్ధం ఆడటం లేదు. అంకెలన్నీ నిజమే. పోలికే తప్పు.

చీటీ వేయడమే న్యాయం

దీనికి పరిష్కారం వింటే మొదట ఎవరికైనా చిరాకేస్తుంది. ఎవరికి మందివ్వాలో డాక్టరు నిర్ణయించకూడదు, రోగి నిర్ణయించకూడదు, బంధువులు నిర్ణయించకూడదు. చీటీ వేయాలి. నాణెం ఎగరేసినట్టుగా కంప్యూటర్ ఎవరు ఏ బృందమో తేల్చాలి. అలా చేస్తే ముసలివాళ్లు, కుర్రాళ్లు, షుగరున్నవాళ్లు, లేనివాళ్లు, ధనికులు, పేదలు రెండు బృందాల్లోనూ ఇంచుమించు సమానంగా సర్దుకుంటారు. మనకు తెలిసిన తేడాలే కాదు, మనం ఊహించని తేడాలు కూడా. చీటీ గొప్పతనమంతా అందులోనే ఉంది. ఇక ఆ రెండు బృందాల మధ్య మిగిలే ముఖ్యమైన తేడా ఒక్కటే: మందు.

ఈ పద్ధతి మనకు పరాయిదేమీ కాదు. దీనితో ప్రపంచానికి పాఠం చెప్పిన ఘనత మద్రాసుకు ఉంది. 1950ల్లో క్షయ అంటే శానిటోరియమే. మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి శానిటోరియంలకు ఎక్కడెక్కడి నుంచో రోగులు వచ్చేవారు. కానీ దేశంలో రోగులు లక్షల్లో ఉంటే పడకలు వేలల్లో ఉండేవి. అప్పటికి మందులు వచ్చాయి. మరి ఆ మందులను ఇంటి దగ్గరే వేసుకుంటే? ఇరుకు గదుల్లో, అరకొర తిండితో, పనిచేసుకుంటూ బతికే పేదలకు అలా నయం కావడం కల్ల అని చాలామంది నిపుణుల నమ్మకం.

నమ్మకంతో వాదన పెట్టుకోకుండా 1956లో మద్రాసులో ఓ పరిశోధన కేంద్రం మొదలైంది. భారత వైద్య పరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బ్రిటన్ వైద్య పరిశోధన మండలి చేతులు కలిపాయి. బ్రిటిష్ వైద్యుడు వాలెస్ ఫాక్స్ నాయకత్వం వహించారు. నగరంలోని 193 మంది పేద రోగులకు చీటీ వేశారు. కొందరు శానిటోరియానికి, కొందరు ఇంటికి. మందులు మాత్రం ఇద్దరికీ ఒకటే, ఏడాది పాటు. 1959లో ఫలితాలు వచ్చాయి. శానిటోరియంలో 92 శాతం మందికి, ఇంటి దగ్గర 86 శాతం మందికి జబ్బు అదుపులోకి వచ్చింది. శానిటోరియంలో ఉన్నవాళ్లు మంచి తిండి తిన్నారు, విశ్రాంతి తీసుకున్నారు. అయినా తేడా అంతంతమాత్రమే. అయిదేళ్లు వెంటపడి చూసినా ఇంటి దగ్గర ఉన్నవాళ్లు వెనకబడలేదు. వాళ్ల వల్ల ఇంట్లోవాళ్లకు జబ్బు ఎక్కువగా అంటుకున్న దాఖలా కూడా లేదు.

ఆ ఒక్క అధ్యయనంతో ప్రపంచవ్యాప్తంగా క్షయ చికిత్స దారి మారింది. శానిటోరియంల శకం ముగియడానికి అది పెద్ద కారణం. ఎంతో పేరున్న నిపుణుల అనుభవం చెప్పలేని జవాబును 193 చీటీలు చెప్పాయి.

ఆరు నెలల ముందే తెలిసిన జవాబు

మళ్లీ ప్లాస్మా దగ్గరికి వద్దాం. నన్ను నిద్రపోనివ్వని విషయం ఇదే. ఆ చీటీ మా అక్క చేతికి వచ్చేటప్పటికే జవాబు తెలుసు. అదీ ఎక్కడో అమెరికాలో కాదు, మన దేశంలోనే.

2020 ఏప్రిల్, జులై నెలల మధ్య భారత వైద్య పరిశోధన మండలి 39 ఆస్పత్రుల్లో 464 మంది కోవిడ్ రోగుల మీద అధ్యయనం చేసింది. దాని పేరు ప్లాసిడ్. చీటీ ప్రకారం 235 మందికి మామూలు చికిత్సతో పాటు ప్లాస్మా ఎక్కించారు. 229 మందికి మామూలు చికిత్స మాత్రమే. 28 రోజుల్లో జబ్బు ముదిరినవాళ్లు లేదా చనిపోయినవాళ్లు ఎందరో లెక్కపెట్టారు. ప్లాస్మా బృందంలో 44 మంది, అంటే 19 శాతం. రెండో బృందంలో 41 మంది, అంటే 18 శాతం. ప్లాస్మా వల్ల ఒరిగిందేమీ లేదు. 2020 అక్టోబర్‌లో ఈ ఫలితం 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో అచ్చయింది.

తర్వాత ఏడు నెలల పాటు దేశంలో ప్లాస్మా వేట సాగుతూనే ఉంది. 2021 మేలో గానీ మండలి తన చికిత్స మార్గదర్శకాల నుంచి ప్లాస్మాను తీసేయలేదు. అప్పటికి మా బావ ఇంట్లో ఉన్నాడు. ఆయన పక్క మంచం ఖాళీ అయిపోయింది.

ఎనిమిది కప్పుల టీ

464 మంది చిన్న సంఖ్య కదా, కాకతాళీయంగా అలా వచ్చి ఉండవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. దీనికి గణాంక శాస్త్రంలో ఓ ప్రసిద్ధమైన టీ కథ ఉంది.

ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో రోనాల్డ్ ఫిషర్ పనిచేసేవారు. అక్కడ ఓ మహిళా శాస్త్రవేత్త, కప్పులో పాలు ముందు పోశారా, టీ డికాక్షన్ ముందు పోశారా అన్నది రుచి చూసి చెప్పేయగలనన్నారు. ఫిషర్ 1935లో రాసిన పుస్తకంలో దీన్ని ఓ ప్రయోగంగా మలిచి చూపించారు. ఎనిమిది కప్పులు. నాలుగింట్లో పాలు ముందు, నాలుగింట్లో టీ ముందు. వరస చీటీ వేసి తేల్చాలి. 'పాలు ముందు' పోసిన నాలుగు కప్పులేవో ఆమె చెప్పాలి. ఎనిమిదింట్లో నాలుగు ఎంచుకోవడానికి 70 రకాలు ఉన్నాయి. కాబట్టి రుచి తెలియకుండా గుడ్డిగా చెప్పినా నాలుగూ సరిపోయే అవకాశం 70లో ఒకటి. అంతకన్నా తక్కువ కప్పులతో పరీక్షిస్తే? నాలుగే కప్పులైతే గుడ్డిగా చెప్పినా ఆరింట ఒకసారి నెగ్గుతారు. ఎనిమిది కప్పుల్లో ఒకటి పొరపాటు పడినా పర్వాలేదనుకుంటే? అప్పుడు గుడ్డిగా గెలిచే అవకాశం 70లో 17, దాదాపు నాలుగో వంతు. ఆ మాత్రం గెలుపు లాటరీలోనూ వస్తుంది.

పరిశోధన పత్రాల్లో కనిపించే 'పి-విలువ' ఇదే. అసలు ప్రభావమేమీ లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంతకు మించిన తేడా, కేవలం అదృష్టం కొద్దీ కనిపించే అవకాశమెంత అన్నది అది చెబుతుంది. నూటికి అయిదు కంటే తక్కువైతే 'గణనీయం' అనడం ఆనవాయితీ అయింది. దీన్ని బట్టి 'మందు పనిచేసే అవకాశం నూటికి 95' అని చాలామంది, అందులో కొందరు డాక్టర్లు కూడా, అనుకుంటారు. అది పొరపాటు. ఆ అంకె మందు గురించి చెప్పదు. కాకతాళీయం గురించి చెబుతుంది.

టీ కథలో ఇంకో నీతి ఉంది. ఎన్ని కప్పులు, ఎన్ని తప్పులు ఒప్పుకోవాలి అన్నది మొదటి గుక్కకు ముందే తేలిపోవాలి. 1938లో కలకత్తాలో తొలి భారత గణాంక మహాసభకు అధ్యక్షత వహించిన ఫిషర్ ఇదే సంగతి చెప్పారు. ప్రయోగం ముగిశాక గణాంక శాస్త్రవేత్త దగ్గరికి వెళ్లడమంటే శవపరీక్ష చేయించుకోవడమే, ప్రయోగం దేనివల్ల చచ్చిందో మాత్రం తెలుస్తుంది అని ఆయన భావం. ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జ్‌లో డాక్టరేట్ చేసిన తెలుగువాడు కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, కలకత్తా గణాంక సంస్థకు పేరు తెచ్చి, నూటరెండేళ్ల వయసులో 2023లో కన్నుమూసిన మన సి.ఆర్.రావు. ప్రపంచమంతా ఆయన పేరున్న సూత్రాలు వాడుతుంది. మనం మాత్రం 'ఫలానావాళ్లకు తగ్గిందట' దగ్గరే ఆగిపోయాం.

ఇంతకీ 464 మంది చాలరన్న అనుమానాన్ని బ్రిటన్‌లో రికవరీ అనే అధ్యయనం తీర్చింది. 11,558 మంది రోగులు. ప్లాస్మా ఇచ్చినవాళ్లలో 28 రోజుల్లో చనిపోయింది 24 శాతం. ఇవ్వనివాళ్లలోనూ 24 శాతమే.

నూటికి 35 ఎలా పుట్టాయి?

ఈలోగా అమెరికాలో మరో చిత్రం జరిగింది. అక్కడ పోలిక బృందమన్నదే లేకుండా వేలాది మందికి ప్లాస్మా ఎక్కించారు. 2020 ఆగస్టులో ఆ దేశపు ఔషధ నియంత్రణ సంస్థ అధిపతి స్టీఫెన్ హాన్ ప్లాస్మా వల్ల నూరు మంది రోగుల్లో 35 మంది బతికి బయటపడతారన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. నిజంగా అలాంటి మందు ఉంటే అది అమృతమే. కానీ అసలు లెక్క వేరు. రోగుల్లో ఒక వర్గాన్ని విడదీసి చూస్తే, యాంటీబాడీలు తక్కువున్న ప్లాస్మా పొందినవాళ్లలో వారం లోపు 13.7 శాతం మంది, ఎక్కువున్న ప్లాస్మా పొందినవాళ్లలో 8.9 శాతం మంది చనిపోయారు. 13.7లో 35 శాతం తగ్గితే 8.9. అంటే నూటికి 35 మంది కాదు, నూటికి అయిదుగురు. అదీ చీటీ వేయని పోలికలో. తన మాట మీద వచ్చిన విమర్శ సబబేనని ఆయన మర్నాడే ఒప్పుకున్నారు.

'ముప్పు సగానికి తగ్గుతుంది' అన్న వార్త చదివినప్పుడల్లా ఈ కథ గుర్తు చేసుకోండి. పదివేల మందిలో ఇద్దరికి వచ్చే జబ్బు ఒకరికి తగ్గినా సగమే. నూరు మందిలో నలభై మందికి వచ్చేది ఇరవైకి తగ్గినా సగమే. సగం అన్న మాట ఒకటే. కానీ రెండోది మాత్రమే పత్రిక మొదటి పేజీకి ఎక్కాల్సిన వార్త.

మిథున రాశికి ఆస్పిరిన్ పడదా?

అంకెలను ముక్కలుగా కోసి నచ్చిన ముక్కను ఏరుకోవడం మరో జాడ్యం. దీన్ని 1988లోనే బ్రిటిష్ పరిశోధకులు నవ్వుతూ ఎండగట్టారు. గుండెపోటు వచ్చినవాళ్లకు ఆస్పిరిన్ ఇస్తే ప్రయోజనం ఉంటుందా అని 17,187 మంది మీద చూశారు. అయిదు వారాల్లో గుండె, రక్తనాళాల జబ్బుతో చనిపోయినవాళ్లు ఉత్తుత్తి మాత్ర బృందంలో 11.8 శాతం ఉంటే, ఆస్పిరిన్ బృందంలో 9.4 శాతమే ఉన్నారు. సందేహం లేని విజయం. అచ్చువేయబోయే 'లాన్సెట్' పత్రికవాళ్లు వయసు వారీగా, ఆడామగా వారీగా, ఇంకా అనేక వర్గాల వారీగా లెక్కలు కావాలన్నారు. సరేనన్న పరిశోధకులు వాటితోపాటు రోగుల పుట్టిన రాశుల వారీ లెక్క కూడా ఇచ్చారు. పాశ్చాత్య పద్ధతిలో మిథున, తులా రాశులవాళ్లకు ఆస్పిరిన్ వల్ల మేలు లేకపోగా కాస్త కీడే జరిగినట్టు తేలింది!

గ్రహాలకు, ఆస్పిరిన్‌కు విరోధమేమీ లేదు. ఎక్కువ ముక్కలు కోస్తే ఏదో ఒక ముక్కలో వింత కనిపిస్తుంది, అంతే. పనిచేయని మందును కూడా ఇరవై రకాలుగా పరీక్షిస్తే ఒక్క రకంలోనైనా 'గణనీయం' అనిపించుకునే అవకాశం చాలా ఎక్కువ. 'మొత్తమ్మీద తేడా లేదు గానీ, 50 దాటిన షుగరు రోగుల్లో అద్భుతంగా పనిచేసింది' అన్న వాక్యం ఎక్కడైనా కనిపిస్తే, ఆ ముక్క గురించి ముందే అనుకున్నారా, తర్వాత ఏరుకున్నారా అని అడగాలి.

ఖమ్మం నేర్పిన రెండు పాఠాలు

'మనుషుల మీద ప్రయోగాలా?' అన్న అభ్యంతరం ఇక్కడ తప్పక వస్తుంది. తెలుగువాళ్లకు ఆ అనుమానం రావడానికి కారణం కూడా ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే అధ్యయనం మొదలైంది. గిరిజన సంక్షేమ హాస్టళ్లలోని పిల్లల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లే సంతకాలు పెట్టారని బయటపడింది. ఖమ్మంలోనూ, గుజరాత్‌లోని వడోదరలోనూ కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. 2013లో పార్లమెంటరీ స్థాయీసంఘం గట్టిగా తప్పుపట్టింది.

ఇందులో మొదటి పాఠం స్పష్టమే. అనుమతి లేకుండా ఎంత మంచి పరిశోధనైనా నేరమే. రెండో పాఠం అంత తేలిగ్గా మింగుడుపడదు. ఆ మరణాల్లో పాముకాటు, నీట మునగడం, పురుగుల మందు, మలేరియా లాంటి కారణాలు ఉన్నాయని, టీకాతో సంబంధం కనబడలేదని ప్రభుత్వ విచారణ సంఘం చెప్పింది. 'టీకా వేశాక చనిపోయారు' అన్నది కూడా 'మందు వేశాక తగ్గింది' లాంటి మాటే. టీకా వేయని అదే వయసు పిల్లల్లో అదే కాలంలో ఎందరు చనిపోయారో తెలియనిదే ఆ మాటకు అర్థం లేదు. మేలుకైనా, కీడుకైనా పోలిక ఉండి తీరాలి. అనుమతుల్లో చేసిన మోసం వల్ల ఆ ప్రశ్నను నెమ్మదిగా అడిగే అవకాశం కూడా పోయింది.

నిజానికి ఏది మంచిదో తెలియనప్పుడు, రోగి తెలిసి ఒప్పుకున్నప్పుడు, చీటీ వేయడం అన్యాయం కాదు. తెలియని మందును తెలిసినట్టు అందరికీ ఇచ్చేయడమే అసలు ప్రయోగం. దాంట్లో అనుమతీ లేదు, లెక్కా లేదు. ఆ రాత్రి మా అక్క చేతిలోని చీటీ అలాంటిదే.

చవక మందు చేసిన మేలు

చీటీ ఎప్పుడూ నిరాశే మిగులుస్తుందనుకోకండి. ప్లాస్మాను తోసిపుచ్చిన రికవరీ అధ్యయనమే డెక్సామెథసోన్‌ను పట్టి చూపించింది. ఊరి మందుల దుకాణంలో దొరికే పాత స్టెరాయిడ్, చవక మందు. 2020లో తేలిన లెక్క ఇదీ: మందు ఇచ్చిన 2,104 మందిలో 22.9 శాతం, ఇవ్వని 4,321 మందిలో 25.7 శాతం చనిపోయారు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో తేడా మరీ ఎక్కువ: 41.4 శాతం నుంచి 29.3 శాతానికి. అంటే ఎనిమిది మందికి ఇస్తే ఒక ప్రాణం దక్కినట్టు. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు మాత్రం మేలు కనబడలేదు. వాళ్లలో మరణాలు మందు ఇచ్చిన బృందంలోనే కాస్త ఎక్కువగా, 14 శాతానికి బదులు 17.8 శాతంగా ఉన్నాయి. ఈ ముక్కలు తర్వాత ఏరుకున్నవి కావు. ఊపిరి తీసుకోవడానికి ఎంత సాయం కావాలన్న దాన్ని బట్టి చూడాలని ముందే రాసుకున్నవి.

ఈ తేడాను ఏ డాక్టరూ తన అనుభవంతో కనిపెట్టలేడు. నూరు మందిలో 26 మంది పోయారా, 23 మంది పోయారా అన్నది ఒక వార్డులో కళ్లతో చూసి చెప్పగలిగేది కాదు. వేల మందిని సరిగ్గా పోలిస్తేనే కనిపిస్తుంది. మా బావకు కూడా ఆ మందు ఇచ్చారు. డిశ్చార్జి సమ్మరీలో ఓ మూల చిన్న అక్షరాల్లో ఉంది. దాన్ని ఇచ్చిన నర్సుకు ఏ పండక్కీ ఎవరూ అరిసెలు పంపలేదు.

ఇకమీదట కొత్త మందు గురించి, ఆహారం గురించి, యోగాసనం గురించి 'పరిశోధనలో తేలింది' అన్న వార్త చూస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. ఎవరితో పోల్చారు? ఎవరు ఏ బృందంలో ఉండాలో ఎవరు తేల్చారు? ఏం లెక్కపెట్టాలో ముందే చెప్పారా? నూటికి ఎంతమందికి తేడా వచ్చింది? వీటికి జవాబు చెప్పలేని వార్త తప్పని కాదు. ఇంకా వార్త కాలేదని. వీటిని అడగడానికి లెక్కల్లో డిగ్రీ అవసరం లేదు. సంతలో వంకాయలు బేరమాడే పాటి తెలివి చాలు. 'దేనితో పోలిస్తే చవక?' అని అక్కడ మనం అడగనిదే కొనం కదా.

మొన్న సంక్రాంతికి అరిసెలు డబ్బాలో సర్దుతూ అక్క హఠాత్తుగా అడిగింది: "ఒరేయ్, ఆ పక్క మంచం ఆయనకూ ఎక్కించారు కదరా?" నేను నిర్ఘాంతపోయాను. ఆమెకు అంతా గుర్తే. "అవునక్కా" అన్నాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత డబ్బా మూత పెడుతూ అంది, "అయినా పంపుదాం. మందు పనిచేసిందో లేదో గానీ, ఆ పిల్లాడు మాత్రం వచ్చాడు."

ఆ కుర్రాడు చేసిన మంచికి చీటీలూ శాతాలూ అక్కర్లేదు. కానీ ఆ అర్ధరాత్రి అతన్ని పరిగెత్తించిన కాగితానికి మాత్రం కావాలి.